బయటి గడియ లేని ఇల్లు

చిరంజీవులకు ఆశీస్సులు.

స్టేషన్ల దగ్గరా ఫ్లైఓవర్ల కిందా పడుకునే పిల్లల కోసం బడిలో ఇంటి నమూనా చేస్తున్నామని రాశారు. మీరు గీసి పంపిన బొమ్మలో జారుడుబల్ల బాగుంది, గోడ మీద ఏనుగు ఇంకా బాగుంది. తలుపుకు మాత్రం బయటివైపు గడియ పెట్టారు. ముందు దాన్ని చెరిపేయండి.

వీధిలో బతికే పిల్లవాడు కొత్తచోటికి వస్తే మొదట వెతికేది బయటికి దారి. తాళం కనబడిందా, రెండోరోజు రాడు. కాబట్టి ఎదురెదురు గోడలకు రెండు తలుపులు, రెండూ బయటికి తెరుచుకునేవి. గడియ లోపలివైపు, చిన్నపిల్లలకూ అందే ఎత్తులో. బయటివాళ్లు లోపలికి రాకుండా చూడటం రాత్రి కాపలా మనిషి పని, తాళం పని కాదు. నిప్పు అంటుకున్నా ఈ రెండు తలుపులే దిక్కు.

తర్వాత పెట్టె. చెప్పులు, నాలుగు డబ్బులు ఎవరు కాజేస్తారోనని వాళ్లు సగం మెలకువతోనే పడుకుంటారు. ఒక్కొక్కరికి అడుగు చదరం పెట్టె, తాళంచెవి వాళ్ల దగ్గరే. నన్నడిగితే జారుడుబల్ల కంటే ఇదే ముందు.

కొలతలకు వద్దాం. ఇల్లులేనివారి షెల్టర్లకు కేంద్ర ప్రభుత్వ పథకం ఒకటి మనిషికి 50 చదరపు అడుగుల లెక్క వేసింది. ఎనిమిది మందికి 400, అంటే 20 అడుగుల చదరం. అడుగుకు 2 సెంటీమీటర్లు వేసుకుంటే మీ అట్ట 40 సెంటీమీటర్ల చదరం, నాలుగడుగుల పిల్లవాడు 8 సెంటీమీటర్ల బొమ్మ. పడక ఆరడుగులు, రెండున్నర అడుగులు. ఎనిమిది పడకలకు 120 చదరపు అడుగులు పోతే మిగిలిన 280లో నడవడానికి, పెట్టెలకు, ఆటకు చోటు చూసుకోండి.

ఇకమీద చెప్పేవన్నీ అసలు ఇంటి కొలతలు. ఆటను విడిగా తెచ్చి అతికించకండి. నాలుగడుగుల ఎత్తున ఒక మంచె వేస్తే పైన కూర్చునే చోటు, కింద గుహ, పక్కన ఆరుబయటికి దిగే జారుడుబల్ల. మంచెకు కట్టే కమ్మీల మధ్య సందు మూడున్నర అంగుళాల లోపు ఉండాలి. అంతకు మించి తొమ్మిది అంగుళాల దాకా ఉన్న సందులోనే ప్రమాదం: ఒళ్లు దూరుతుంది, తల ఇరుక్కుంటుంది. బల్ల కింద తొమ్మిది అంగుళాల మందాన వదులు ఇసుక పోయండి. వాన పడితే అది గట్టిపడి నేలలాగే దెబ్బ తగులుతుంది, గుల్ల చేస్తూ ఉండాలి. రాత్రి టార్పాలిన్ కప్పకపోతే పిల్లులు పాడుచేస్తాయి. రేకు జారుడుబల్లైతే ఉత్తరం వైపు దించండి, లేకపోతే ఏప్రిల్‌లో తొడలు కాలతాయి.

ఇక ఇంటికి కాళ్లుగా నిలిపే వెదురు. చాలామంది తప్పుచేసేది ఇక్కడే. మూడేళ్లు నిండని లేత వెదురు ఎండితే ముడుచుకుపోతుంది, పైగా వెదురులోని పిండిపదార్థమే పుచ్చు పురుగుకు తిండి. ముదురు బొంగులు తెచ్చి, మందు లోపలికి దిగేలా కణుపుల అడ్డుగోడలకు పొడవాటి కమ్మీతో చిల్లులు వేయాలి. వంద లీటర్ల నీటికి మూడు కిలోల వెలిగారం (బోరాక్స్), రెండు కిలోల బోరిక్ పౌడర్ కలిపి పదిరోజులు నానబెట్టాలి. నీడలోనే ఆరబెట్టాలి. ఎండలో పెడితే పగుళ్లు. మేకు కొడితే నిలువునా చీలుతుంది. కణుపు దగ్గర డ్రిల్‌తో బెజ్జం చేసి, బొంగు లోపలి ఆ ఖాళీలో సిమెంటు మాలు నింపి, వాషర్ వేసి బోల్టు బిగించాలి. కాలు మట్టిలో పాతితే చెదలు. అడుగెత్తు కాంక్రీటు దిమ్మె మీద నిలబెట్టండి. వెలిగారం మందు వానకు కడుక్కుపోతుంది కాబట్టి చూరు రెండడుగులు ముందుకు రావాలి.

పైన రేకు ఒక్కటే వేస్తే మే నెలలో లోపల ఎవరూ ఉండలేరు. రేకు కింద నాలుగంగుళాలు ఖాళీ వదిలి తడక కట్టండి, వేడిగాలి పోవడానికి పైకొసన సందు ఉంచండి. రేకు మీద తెల్లని కూల్ రూఫ్ పెయింటు. తెలంగాణ 2023లో ఇలాంటి చల్లని కప్పుల కోసమే ఒక విధానం తెచ్చింది. దుమ్ము పట్టిన తెలుపు అంతగా పనిచేయదు, వేసవికి ముందు కడగాలి. దోమల చుట్ట వద్దు, జాలీ కొట్టండి. వెదురింట్లో నిప్పురవ్వ వద్దు. వంటా బాత్‌రూమూ విడిగా.

ఒకమాట. ఇలాంటి ఇల్లు నిజంగా కట్టాలంటే బాలల న్యాయ చట్టం కింద నమోదు చేయించాలి. ఒంటరి పిల్లలెవరైనా కనబడితే మీరే ఇంటికి తీసుకురాకుండా పెద్దవాళ్లతో పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయించండి. 24 గంటల్లోపు ఆ పిల్లల్ని బాలల సంక్షేమ కమిటీ ముందుకు తీసుకెళ్లాలి.

నమూనా పూర్తయ్యాక కప్పుకు ప్లాస్టిక్ కవరు చుట్టి, మగ్గుతో ఏటవాలుగా నీళ్లు పోసి చూడండి. కింద తడి ఎంతదాకా వచ్చిందో పెన్సిల్‌తో గీయండి. ఏ వెదురు కాలైనా ఆ తడిలో ఉంటే చూరు ఇంకొంచెం పెంచి మళ్లీ పోయండి.

మీ తాతయ్య