నెటార్ట్స్ తొట్లలో గుల్ల కట్టని ఆల్చిప్పలు

అమెరికా పడమటి తీరంలోని ఒరెగాన్‌లో నెటార్ట్స్ అనే చిన్న అఖాతం ఉంది. దాని ఒడ్డున విస్కీ క్రీక్ అనే హాచరీ. మన దగ్గర రొయ్య సీడ్ ఎలాగో అక్కడ ఆల్చిప్పల సీడ్ అలాగ. సముద్రపు నీటిని తొట్లలోకి తోడి, అందులో లార్వాలను పెంచి రైతులకు అమ్ముతారు. 2007, 2008లో ఆ తొట్లలో లార్వాలు కుప్పలుగా చనిపోయాయి. వీటి మీదే ఆధారపడిన రైతులు సీడ్ దొరక్క అల్లాడిపోయారు.

మొదట అనుమానం విబ్రియో బాక్టీరియా మీద పడింది. ఆక్వా రైతులకు ఈ పేరు బాగా తెలుసు. నీటిని శుద్ధి చేసే ఏర్పాట్లు పెట్టారు. బాక్టీరియా పోయింది, చావులు ఆగలేదు.

అసలు కారణం గాలి వీచే దిక్కులో దొరికింది. ఆ తీరంలో వేసవిలో ఉత్తరపు గాలి బలంగా వీస్తే పైనీరు సముద్రం లోపలికి తరలిపోతుంది, దాని చోటులోకి అడుగు నుంచి చల్లని నీరు పైకి వస్తుంది. కుళ్లిన జీవపదార్థం వల్ల ఆ నీటిలో కార్బన్ డయాక్సైడ్ మామూలుగానే ఎక్కువ. మనం కాల్చిన బొగ్గు, చమురు నుంచి వచ్చింది దానికి తోడైంది. సముద్ర శాస్త్రవేత్త రిచర్డ్ ఫీలీ బృందం 2007లో కెనడా నుంచి మెక్సికో దాకా ఓడలో తిరిగి నీటిని పరీక్షించింది. కార్బన్ డయాక్సైడ్ వల్ల ఆమ్లత పెరిగి గుల్లను కరిగించగల నీరు తీరానికి అంత దగ్గరగా రావడానికి ఇంకా దశాబ్దాలు పడుతుందనుకున్నారు. అప్పటికే వచ్చేసింది. పైగా అది దాదాపు 50 ఏళ్ల కిందట గాలిని తాకి లోతుకు దిగిన నీరు. ఆ తర్వాత దిగిన నీటిలో ఇంకా ఎక్కువ కార్బన్ ఉంది, అది పైకి రావాల్సే ఉంది. ఈ విషయం తెలిసినప్పటి నుంచి నా మనసు కుదుటపడలేదు.

హెచ్చరికలు లేక కాదు. మనం వదిలే కార్బన్‌ను సముద్రం ఎంత తీసుకోగలదన్న ప్రశ్నను శాస్త్రవేత్తలు రోజర్ రెవెల్, హాన్స్ స్యూస్ 1957లోనే లెక్కకు తెచ్చారు. 2003లో కెన్ కాల్డేరా, మైకేల్ వికెట్ ‘సముద్ర ఆమ్లీకరణ’ అన్న మాటను వాడుకలోకి తెచ్చారు. 2005లో లండన్‌లోని శాస్త్రవేత్తల సంస్థ రాయల్ సొసైటీ దీని మీద నివేదిక ఇచ్చింది. పరిశ్రమలు రాకముందు సుమారు 8.2 ఉన్న సముద్రపు పైనీటి పీహెచ్ ఇప్పుడు 8.1కి దిగింది. ఈ అంకె తగ్గితే ఆమ్లత పెరిగినట్టు. చిన్న తేడాలా కనిపిస్తుంది కానీ పీహెచ్ కొలత తీరు వేరు. ఆమ్లత సుమారు 30 శాతం పెరిగినట్టు.

గుల్ల అంటే సున్నమే. ఆల్చిప్ప దాన్ని కట్టుకోవడానికి నీటిలోని కార్బొనేట్‌ను తీసుకుంటుంది. కార్బన్ డయాక్సైడ్ పెరిగితే ఆ కార్బొనేట్ తగ్గిపోతుంది. పెద్ద ఆల్చిప్ప కొంత తట్టుకుంటుంది. పుట్టిన లార్వా మాత్రం మొదటి రెండు రోజుల్లోనే తొలి గుల్ల కట్టుకోవాలి. అప్పటికి దానికి సరిగా మేత తినడం రాదు, గుడ్డులోని పచ్చసొన బలమే ఆధారం. నీరు సహకరించకపోతే ఆ బలమంతా గుల్లకే ఖర్చయిపోతుంది. పెరగడానికి ఇక ఏమీ మిగలదు.

ఒరెగాన్ స్టేట్ యూనివర్సిటీ శాస్త్రవేత్త బర్క్ హేల్స్ తదితరులు హాచరీ నీటిలోని కార్బన్‌ను ఎప్పటికప్పుడు కొలిచే పరికరాలు అమర్చారు. ఎండలో నీటిమొక్కలు కార్బన్‌ను పీల్చుకుంటాయి కాబట్టి తెల్లవారుజాము కంటే మధ్యాహ్నం నీరు మెరుగ్గా ఉంటుందని తేలింది. తొట్లు నింపే వేళ మార్చారు, నీటిలో ఆమ్లతను తగ్గించే సోడా యాష్ కలపడం మొదలుపెట్టారు. చెరువులో పీహెచ్ పడిపోతే మన రైతు సున్నం చల్లినట్టే. సీడ్ మళ్లీ నిలబడింది. 2012లో ఈ పరిశోధన అచ్చయింది. అదే ఏడాది పక్కనున్న వాషింగ్టన్ రాష్ట్రం దీని కోసమే నిపుణుల కమిటీ వేసింది.

తొట్టిలో సోడా కలపొచ్చు, బయట సముద్రంలో ఏం కలుపుతాం? అదే తీరంలో ‘సముద్రపు సీతాకోకలు’ అనే చిట్టి నత్తలున్నాయి. గులాబీ సాల్మన్ చేపకు అవి ముఖ్యమైన ఆహారం. శాస్త్రవేత్త నీనా బెడ్నార్‌షెక్ బృందం 2014లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, తీరానికి దగ్గరలో పట్టిన నత్తల్లో సగానికి పైగా వాటి గుల్లలు బతికుండగానే తీవ్రంగా కరిగిపోతూ కనిపించాయి.