కణం లేకుండానే ప్రోటీన్, నల్గొండ నీళ్లకి దాంతో ఏం పని

1961 మే నెలలో అమెరికాలోని బెథెస్డాలో, నేషనల్ ఇన్‌స్టిట్యూట్స్ ఆఫ్ హెల్త్ ల్యాబులో, మార్షల్ నిరెన్‌బర్గ్ దగ్గర పనిచేసే హైన్‌రిక్ మథాయ్ చేసిన ప్రయోగం ఒకటుంది. ఈ.కోలై బ్యాక్టీరియాని అల్యూమినా పొడేసి నూరి, రసం తీసి, అందులో మిగిలిన బ్యాక్టీరియా డీఎన్ఏని కూడా ఒక ఎంజైముతో ముక్కలు చేసేశారు, అంటే ఏ ప్రోటీన్ చేయాలో ఆ రసానికి సొంతంగా చెప్పేది ఇంక ఏమీ లేదు. అప్పుడు అన్నీ యూ అక్షరాలే ఉన్న ఆర్ఎన్ఏ, అంటే ప్రోటీన్ ఎలా కట్టాలో చెప్పే చీటీ లాంటిది, వేశారు. వెంటనే ప్రోటీన్‌కి ఇటుకల్లాంటి అమైనో ఆమ్లాల్లో ఫినైల్‌అలనిన్ అనేది ఒక్కటే వరసగా అతుక్కుంటూ గొలుసు తయారైంది! జెనెటిక్ కోడ్‌లో మొదటి మాట అలా తెలిసింది, 1968లో నిరెన్‌బర్గ్‌కి నోబెల్ వచ్చింది, మన హరగోవింద్ ఖొరానాకి కూడా అదే ఏడాది.

బతికున్న కణం ఒక్కటి కూడా లేదు అక్కడ. ప్రోటీన్‌ని కట్టే రైబోజోములు, వాటికి అమైనో ఆమ్లాల్ని మోసుకొచ్చే టీ-ఆర్ఎన్ఏలు, ఎంజైములు, అమైనో ఆమ్లాలు, ఎనర్జీకి ఏటీపీ ఉంటే చాలు, ఓనర్ ఊళ్లో లేకపోయినా కరెంటూ వడ్లూ ఉంటే రైస్ మిల్లు ఆడినట్టే. 2001లో టోక్యో యూనివర్సిటీ వాళ్లైతే రసం కూడా వద్దని, కావాల్సిన భాగాల్ని విడివిడిగా శుద్ధి చేసి కలిపి మరీ ప్రోటీన్ తీశారు.

దీనివల్ల లాభమేంటంటే, కణానికి విషమయ్యే ప్రోటీన్‌ని కూడా చేయొచ్చు, చావడానికి అక్కడ కణమే లేదు కదా. ఇబ్బంది కూడా ఉంది, కొన్ని గంటల్లో ఎనర్జీ అయిపోయి పని ఆగిపోతుంది, ఖర్చూ ఎక్కువే.

నాకు అన్నిటికంటే నచ్చింది మాత్రం ఈ రసాన్ని ఎండబెట్టి దాచుకోవచ్చన్న సంగతి. 2014లో అమెరికా శాస్త్రవేత్త జిమ్ కాలిన్స్ టీమ్ దీన్ని కాగితం మీదే ఫ్రీజ్-డ్రై చేసింది, అంటే గడ్డకట్టించి ఎండబెట్టింది, ఫ్రిజ్ అక్కర్లేదు, నీళ్లు పోస్తే మళ్లీ పనిచేస్తుంది. తర్వాత నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీలో జూలియస్ లక్స్ టీమ్ ఇదే పద్ధతితో నీళ్లలో ఫ్లోరైడ్‌ని పట్టుకునే టెస్టు చేసి, కోస్టారికాలో అక్కడి నీళ్ల మీదే చూసింది, దాని వివరాలు 2020లో బయటికొచ్చాయి. బ్యాసిలస్ సీరియస్ అనే బ్యాక్టీరియా నుంచి తీసుకున్న స్విచ్ అది. ఫ్లోరైడ్ లేకపోతే ఆర్ఎన్ఏ తయారీ మధ్యలోనే ఆగిపోతుంది, ఉంటే పూర్తయ్యి, దాన్నుంచి ఒక ఎంజైము తయారయ్యి, ట్యూబులో ఉన్న క్యాటికాల్ అనే రసాయనాన్ని పసుపు రంగులోకి మార్చేస్తుంది. పెద్ద మెషీన్ ఏదీ అక్కర్లేదు, కంటితో చూసి చెప్పేయొచ్చు.

ఇది చదివితే నల్గొండ గుర్తురాకుండా ఉంటుందా? బోరు నీళ్లలో ఫ్లోరైడ్‌తో ఎముకలు వంగిపోయిన మనుషుల్ని తరాలుగా చూసిన జిల్లా అది, పటికా సున్నంతో ఫ్లోరైడ్ తీసే పద్ధతికి పేరే నల్గొండ టెక్నిక్. కోస్టారికా టెస్టు 2 పీపీఎం (లీటరు నీళ్లకి 2 మిల్లీగ్రాములు) స్థాయిని గుర్తుపట్టింది, మన దగ్గర తాగునీటికి గరిష్ఠ పరిమితి 1.5, కాబట్టి మన బోర్లకి పనికి రావాలంటే ఆ గీత దగ్గరే తేడా చూపించేలా స్విచ్‌కి ఇంకాస్త పదును పెట్టాలి, ఆ పని హైదరాబాద్ ల్యాబుల్లోనే జరిగితే నాకు చాలా సంతోషం.