కారం మరిచిపోయిన నకళ్ళు

చిరంజీవులు సాహితికీ వంశీకీ తాతయ్య ఆశీస్సులు. మీతోపాటు ఇది చదివే మీ ఈడు పిల్లలందరికీ కూడా.

మొన్న వీడియో కాల్లో మీరిద్దరూ కీచులాడుకోవడం విన్నాను. సాహితి డాలస్‌లో తొమ్మిదో తరగతికి లాటిన్ తీసుకుందట. "మాట్లాడేవాడే లేని భాష నేర్చుకుని ఎవరితో మాట్లాడతావే?" అన్నాడు వంశీ. అది ఉడుక్కుని ఫోన్ పెట్టేసింది. నేనేదో చెప్పబోతుంటే మీ నానమ్మ ఆవకాయ జాడీ దించమని కేకేసింది. జాడీ దించుతుంటే జవాబు తట్టింది. ఫోన్లో చెబితే మధ్యలో మీరు పోట్లాడుకుంటారు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను.

మా అమ్మ దగ్గర ఒక నోటుపుస్తకం ఉండేది. ఆవకాయ కొలతలు అందులో రాసి పెట్టుకుంది. 1977 నవంబరు ఉప్పెనలో దివిసీమలో ఎన్నో ఇళ్ళతోపాటు మా ఇల్లూ మునిగింది, పుస్తకమూ పోయింది. అంతకుముందే నలుగురు దాన్ని రాసుకున్నారు: మా అక్క, మా చెల్లెలు, మా పెద్దొదిన, మీ నానమ్మ. నిరుడు వేసవిలో ఆ నాలుగు కాగితాలూ తెప్పించి పక్కపక్కన పరిచాను. ఏ రెండూ ఒక్కలా లేవు!

అక్క కాగితంలో ఇలా ఉంది:

అడ్డెడు ముక్కలకు
ఆవపిండి తవ్వెడు
కారం తవ్వెడు
ఉప్పు తవ్వకు వెలితిగా

చెల్లెలి కాగితంలోనూ వదిన కాగితంలోనూ కారం ఊసే లేదు. ఆవపిండి తవ్వెడు, ఆ వెంటనే ఉప్పు. ఏం జరిగిందో బడిలో నల్లబల్ల చూసి రాసుకున్న ఎవరికైనా తెలుస్తుంది. "తవ్వెడు" అని రాసి, తలెత్తి మళ్ళీ పుస్తకం చూసేసరికి కన్ను రెండో "తవ్వెడు" మీద వాలింది. మధ్యలో కారం గల్లంతు. వదిన పెట్టిన ఆవకాయలో కారం తగ్గిందని మేమెన్నడూ అనలేదు లెండి. కాగితంలో లేకపోయినా చేతికి తెలుసు.

ఇద్దరికీ విడివిడిగా అదే తప్పు దొర్లిందా? దొర్లవచ్చు. కానీ ఇద్దరూ మెంతుల్లో సున్న ఎగరగొట్టి "మెతులు" అనే రాశారు. రెండు తప్పులు కలిశాయంటే ఒకరిది చూసి ఒకరు రాసినట్టే. వదిన కాగితంలో వెల్లుల్లి కూడా లేదు, చెల్లెలి దాంట్లో ఉంది. అంటే వదినే చెల్లెలిది చూసి రాసిందన్నమాట. మా అమ్మ పుస్తకంలో ఏముందని అడిగితే వదిన కాగితం సాక్ష్యానికి పనికిరాదు. విన్న మాట చెప్పే సాక్షి అది.

ఇక మీ నానమ్మ కాగితం. తవ్వెడు అన్న చోటల్లా "గ్లాసెడు" అని ఉంది. రెండింటిలో మా అమ్మ మాట ఏది? తవ్వంటే రెండు సోలలు. మీకు సోల కూడా తెలియదు, అది వేరే సంగతి. తెలియని మాటను తెలిసిన మాటగా మార్చి రాసుకోవడం సహజం. గ్లాసును తవ్వగా మార్చే కోడలు ఎక్కడా ఉండదు. కాబట్టి కష్టమైన మాటే పాతది. మీ నానమ్మతో ఈ మాట అన్నాను, రెండు రోజులు సరిగ్గా మాట్లాడలేదు.

సాహితీ, గ్రీకు లాటిన్ పండితులు చేసే పనిలో సగం ఇదే. గ్రీకు కవి హోమర్ చేతిరాత లోకంలో ఎక్కడా లేదు. లాటిన్ కవి వర్జిల్ స్వహస్తంతో రాసిన పంక్తి ఒక్కటీ లేదు. ఉన్నవన్నీ నకళ్ళకు నకళ్ళు. మన తాళపత్రాల చివర వ్రాయసకాళ్ళు ఒక శ్లోకం రాసేవారు: "యాదృశం పుస్తకం దృష్ట్వా తాదృశం లిఖితం మయా", చూసినది చూసినట్టు రాశాను, తప్పొప్పుల పూచీ నాది కాదు అని. ఐరోపా మఠాల్లో లాటిన్ నకళ్ళు రాసిన సన్యాసులు కూడా ఆకుల చివర గోడు వెళ్ళబోసుకున్నారు: రాసేవి మూడు వేళ్ళే, శ్రమ ఒళ్ళంతటికీ అని. వీళ్ళిద్దరూ ఒకరినొకరు చూసి ఉంటే బాగుండేదనిపిస్తుంది నాకు.

ఇప్పుడు ఒక్క పుస్తకం కథ చెబుతాను. క్రీస్తుకు పూర్వం మొదటి శతాబ్దంలో రోములో లుక్రీషియస్ అనే కవి ఉండేవాడు. ఆరు భాగాల్లో, 7,000 పైచిలుకు పంక్తుల్లో ఒక పద్యకావ్యం రాశాడు. అందులో యుద్ధాలు లేవు, నాయికానాయకులు లేరు. ప్రపంచమంతా కంటికి కనిపించని కణాలతో, వాటి మధ్య ఖాళీతో తయారైందని చెప్పే కావ్యం. సిద్ధాంతం ఆయనది కాదు, ఎపిక్యురస్ అనే గ్రీకు తత్త్వవేత్తది. ఎపిక్యురస్ రాసిన రాశుల కొద్దీ గ్రంథాల్లో మనకు పూర్తిగా మిగిలినవి మూడు ఉత్తరాలు, కొన్ని సూక్తులు. శిష్యుడి పద్యం బతికింది, గురువు వచనం పోయింది.

పద్యం బతకడం కూడా ఎంత గండమో చూడండి. వందల ఏళ్ళు దాన్ని చదివినవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేటంత మంది. 1417లో పొగ్గియో బ్రచ్చోలీని అనే ఇటలీవాడు జర్మను ప్రాంతంలో ఒక మఠంలో దాన్ని పట్టుకున్నాడు. ఈయన పోపు దగ్గర రాయసం చేసేవాడు. ఆ పోపును 1415లో కాన్‌స్టాన్స్ ఊళ్ళో జరిగిన క్రైస్తవ మతపెద్దల మహాసభ గద్దె దించేసింది. దాంతో పనిలేని పొగ్గియో చుట్టుపక్కల మఠాల అలమరలు గాలిస్తూ తిరిగాడు. ఉద్యోగం ఊడినవాడు ఊరికే కూర్చోకపోతే ఇలాంటివి జరుగుతాయి. నకలు రాయించి ఇటలీకి పంపాడు. ఆయన చూసిన మూల ప్రతి తర్వాత పోయింది. ఆయన పంపిన నకలూ పోయింది. దాన్ని చూసి స్నేహితుడు నిక్కోలీ రాసుకున్న ప్రతి మాత్రం ఫ్లారెన్సులో ఇప్పటికీ ఉంది. మా అక్క కాగితం లాగా.

అంతకంటే పాతవి, తొమ్మిదో శతాబ్దానివి, రెండు ప్రతులు హాలండులోని లైడెన్‌లో ఉన్నాయి. 1850లో లాక్‌మన్ అనే జర్మను పండితుడు వాటిని పోల్చాడు. ఒకదాంట్లో దాదాపు 52 పంక్తుల చొప్పున కొన్ని ముక్కలు వాటి చోట్ల లేవు, అన్నీ కలిసి కావ్యం చివరికి చేరాయి. ఎందుకు 52 అని ఆలోచించాడు. ఆకులు ఊడిపోయిన పాత పుస్తకంలో ఒక ఆకుకు రెండు వైపులా కలిపి 52 పంక్తులు ఉండి ఉంటాయి, అంటే పుటకు 26. అలా లెక్క కట్టి, ఎవరూ చూడని, ఎప్పుడో మాయమైన ఆ తల్లి ప్రతికి 302 పుటలు ఉండేవని తేల్చాడు. వంశీ, నువ్వు ఎంపీసీ కదా, ఇది నీకు నచ్చాలి. లేని పుస్తకానికి పుటలు లెక్కపెట్టడం!

అంత కష్టపడి కాపాడినదాంట్లో ఏముంది? రెండో భాగంలో ఒక చోటు చెబుతాను. చీకటి గదిలోకి ఎండ చార పడినప్పుడు చూడండంటాడు లుక్రీషియస్. ఆ వెలుగులో నలుసులు ఎగిరెగిరి పడుతుంటాయి, దళాలు దళాలుగా యుద్ధం చేస్తున్నట్టు, క్షణం ఆగకుండా. వాటిని కదిపేవి మనకు కనిపించని ఇంకా చిన్న కణాలు, వాటి తాకిడి పైకి పాకి చివరికి కంటికి ఆనేంత పెద్దదవుతుందంటాడు. మా పెంకుటింట్లో పెంకు జారిన చోట అచ్చం అలాంటి ఎండ పడేది. మధ్యాహ్నం నిద్ర పట్టనప్పుడు నేను చూసింది అదే. నాకు నలుసులే కనిపించాయి, ఆయనకు ఇంకేదో కనిపించింది.

నిజానికి ఆ నలుసుల్ని ఎక్కువగా కదిపేది గదిలోని గాలి. ఉదాహరణ గురి తప్పింది. ఆలోచన తప్పలేదు. 1827లో రాబర్ట్ బ్రౌన్ నీళ్ళలో పుప్పొడిలోని సూక్ష్మరేణువులు ఊరికే వణకడం సూక్ష్మదర్శినిలో చూశాడు. కనిపించని అణువులు గుద్దుకోవడం వల్లే అవి వణుకుతున్నాయని 1905లో ఐన్‌స్టీన్ లెక్కలు వేసి చూపించాడు. అలాగని లుక్రీషియస్‌ను శాస్త్రవేత్తను చేసి ఊరేగించకండి. సూర్యుడు మన కంటికి ఎంత కనిపిస్తాడో నిజానికీ ఇంచుమించు అంతే ఉంటాడని రాసింది కూడా ఆయనే. పాతవాళ్ళు అన్నీ ముందే చెప్పేశారనే జబ్బు మనకే కాదు, అన్ని దేశాల్లోనూ ఉంది. వాళ్ళు ఏం చెప్పారో, ఏం చెప్పలేదో చదివి చూడాలి. చదవాలంటే భాష రావాలి.

ఎపిక్యురస్ వచనం పోయిందన్నాను గదా, మొత్తం పోలేదు. క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం పేలి హెర్క్యులేనియం ఊరిని పూడ్చేసింది. అక్కడి ఒక భవనంలో పపైరస్ అనే పాతకాలపు కాగితం మీద రాసిన పుస్తకాల చుట్టలు బొగ్గయిపోయి 1750ల్లో దొరికాయి. విప్పబోతే పొడైపోయేవి. విప్పగలిగిన కాసిన్నిట్లో ఎపిక్యురస్ గ్రంథం తునకలు ఉన్నాయి. 2023లో ఒక చుట్టను విప్పకుండానే ఎక్స్‌రేలతో స్కాన్ చేసిన బొమ్మల్లోంచి, కంప్యూటర్ సాయంతో, అమెరికాలో 21 ఏళ్ళ విద్యార్థి ఒక మాట చదివాడు. ఊదా రంగు అని అర్థమొచ్చే గ్రీకు మాట. వంశీ, కోడింగ్ వచ్చినవాడికి కూడా ఇందులో పని ఉందని గమనించావా?

గ్రీకు మనకు మరీ పరాయిది కూడా కాదు. పొద్దున్నే నేను పంచాంగంలో చూసే "హోర" గ్రీకు నుంచి సంస్కృతానికి వచ్చిన మాట. టీవీలో రోజూ వినే కేంద్ర ప్రభుత్వంలోని "కేంద్రం" కూడా జ్యోతిషం వెంట వచ్చిన గ్రీకు మాటే. "సొరంగం" కూడా అటునుంచే వచ్చిందని పండితులు అంటారు. ఇక మన ఘంటసాల ఊరి సంగతి. రెండో శతాబ్దంలో టాలెమీ గ్రీకులో రాసిన భూగోళంలో కొంటకొస్సుల అనే రేవు ఉంది. అది ఘంటసాలేనని చరిత్రకారులు గుర్తించారు. అంతకు ముందు శతాబ్దంలో పేరు తెలియని గ్రీకు వర్తకుడెవరో సముద్రయానం పుస్తకం రాస్తూ మసలియా అనే సీమలో సన్నని బట్ట విపరీతంగా నేస్తారన్నాడు. మసలియా అంటే మన కృష్ణా ముఖద్వారం వైపే. ఆ పుస్తకానికి పదో శతాబ్దపు ప్రతి ఒక్కటే దిక్కు, జర్మనీలో హైడెల్బర్గ్‌లో ఉంది. తప్పులతడకట. మన ఊరి నేతగాళ్ళ ప్రస్తావన అంత సన్నని దారం మీద వేలాడుతోంది.

చివరికి, సాహితీ, నీకొక పని. పొగ్గియో గుర్తున్నాడు గదా. 1440 ప్రాంతంలో ఆయన దగ్గరికి నికొలో దె కాంటి అనే వెనిస్ వర్తకుడు వచ్చాడు. పాతికేళ్ళు తూర్పు దేశాలు తిరిగి వచ్చినవాడు. ఆయన చెబుతుంటే పొగ్గియో లాటిన్‌లో రాసుకున్నాడు. లుక్రీషియస్‌ను వెతికి పట్టిన చెయ్యే మన విజయనగరాన్ని కూడా కాగితం మీద పెట్టింది. బిజెనెగాలియా అని పేరు, నగరం చుట్టుకొలత 60 మైళ్ళు, ఆయుధం పట్టగలవాళ్ళు 90,000 మంది అని.

తెలుగును "తూర్పు ఇటాలియన్" అన్నది ఈ కాంటియేనని మన సభల్లో ఎవరు మైకు పట్టుకున్నా చెబుతారు. నేను కూడా ముప్పై ఏళ్ళు క్లాసులో చెప్పాను. రిటైరయ్యాక 1857లో లండనులో అచ్చైన ఇంగ్లీషు అనువాదం చదివాను. రెండుసార్లు చదివాను. ఆ మాట నాకెక్కడా కనిపించలేదు. అనువాదకుడు వదిలేశాడా, వెనకటికెవరో కల్పించి కాంటికి అంటగట్టారా, నా కళ్ళే దాటేశాయా? చెల్లెలి కాగితంలో కారం గుర్తొచ్చి నా కళ్ళను కూడా నేను నమ్మడం లేదు. మూలం చూడాలి. నాకు లాటిన్ రాదు.

పొగ్గియో పుస్తకం పేరు "దె వరియేతాతె ఫొర్తూనె", అంటే అదృష్టం నిలకడ లేనిదని. కాంటి కథ నాలుగో భాగంలో ఉంది. అంత పెద్దదేమీ కాదు. ఈ ఏడాదే చదివెయ్యమనను, ముందు నీ విభక్తులు గట్టిపడనీ. బిజెనెగాలియా అన్న మాట కనిపించిన చోట మొదలుపెట్టు. ఒక్కో వాక్యం తెలుగులో రాసి పంపు, నేను నోటుపుస్తకంలో ఎక్కించుకుంటాను.

వంశీ, నువ్వు ఆదివారం మచిలీపట్నంలో మీ చిన్నత్త ఇంటికి వెళ్ళిరా. అక్కడ ఆవకాయ కాగితం ఐదోది ఉందని నిన్న తెలిసింది. ఫోటో తీసి పంపు. ఉప్పు దగ్గర ఏముందో సరిగ్గా పడాలి.

ఉంటాను,
తాతయ్య