కూడలి విగ్రహంలో పోలిక ఎక్కడ తప్పుతోంది?

కర్నూలు, అనంతపురం, కడప కూడళ్లలో కొన్ని విగ్రహాలు ఎవరివో కింద పేరు చదివితే గానీ తెలియదు. చేయి తిరగని శిల్పి చేశాడని సరిపెట్టుకుంటాం. కానీ దేవుణ్ని చెక్కే కొలతతోనే మనిషినీ మలచబోవడంలో ఉంది అసలు చిక్కు.

ఆలయశిల్పికి కొలమానం తాళం. నుదుటిపై జుట్టు అంచు నుంచి గడ్డం దాకా ఒక తాళం, అంటే 12 అంగుళాలు. ఇది శిల్పశాస్త్రపు అంగుళం, టేపు మీది ఇంచీ కాదు. నవతాళ మూర్తి ఎత్తు 108 అంగుళాలు, దశతాళాల్లో అన్నిటికన్నా పెద్ద కొలతైన ఉత్తమ దశతాళమైతే 124. ధ్యానానికి నిలిపే రూపానికి వయసూ అలసటా ఉండకూడదు కాబట్టి ఆ లెక్క దేవుడికి సరిగ్గా సరిపోతుంది. ఆళ్లగడ్డ ఉలి ఈనాటికీ ఆ క్రమాన్ని నిలబెడుతోంది, అది చిన్న విషయం కాదు.

మనిషిని చూసి మట్టిలో మలిచే పద్ధతి మనకు మద్రాసు వైపు నుంచి వచ్చింది. 1953 దాకా రాయలసీమ ఆ రాష్ట్రంలోనిదే. అక్కడి చిత్రకళాశాలను 1929 నుంచి 1957 వరకు నడిపిన దేవీప్రసాద్ రాయ్ చౌధురి ఎదురుగా మనిషిని నిలబెట్టుకుని పనిచేసేవారు. మెరీనాలో 1959లో నిలిపిన ఆయన ‘శ్రమైక విజయం’ చూడండి: నలుగురు మనుషులు బండను కదుపుతుంటారు. ముఖాల కన్నా ముందు వీపులూ మడమలూ మాట్లాడతాయి. పోలిక ముఖంలో కాదు, ఒంటి తీరులో మొదలవుతుందనడానికి అంతకన్నా మంచి పాఠం లేదు.

పనిలో తప్పు జరిగేది కూడా అక్కడే. ముందు ఇనుపకడ్డీల అస్థిపంజరం కడతారు. మట్టి బరువుకు జారకుండా చిన్న కర్రముక్కలను సిలువలా కట్టి తీగలతో వేలాడదీస్తారు. మెడ కడ్డీని నిటారుగా పెట్టేశారంటే, తల కాస్త ముందుకు వంచి నడిచే మనిషి పోలిక ఆ రోజే పోయినట్టు. తర్వాత ముఖం ఎంత దిద్దినా తిరిగిరాదు. పైగా చేతికిచ్చేది ఒక్క పాస్‌పోర్టు ఫొటో! అందులో ముక్కు ఎత్తు, దవడ లోతు కనబడవు. రెండు పక్కల నుంచీ తీసిన ఫొటోలు అడిగి తీసుకోవాలి.

దిమ్మె ఎత్తును మరిచినా ముప్పే. కింద నుంచి చూస్తే కాళ్లు పెద్దవిగా, తల చిన్నదిగా కనిపిస్తాయి. అందుకే తలను కొద్దిగా పెంచి, ముఖాన్ని కిందికి వంచుతారు. గాజునార మ్యాట్‌ను రెజిన్ అనే జిగురుతో తడిపి చేసే ఫైబర్ పోతలో మన ఎండ మరో పరీక్ష. రెజిన్‌లో దాన్ని గట్టిపరిచే హార్డెనర్ మామూలుగా 1 నుంచి 2 శాతం. మే నెలలో 2 శాతం కలిపితే మ్యాట్ పూర్తిగా తడవకముందే గట్టిపడి, లోపల గాలిబుడగలు మిగులుతాయి.

కంటిపాపను రంగుతో కాదు, పల్లంతో చూపిస్తారు. ఆ పల్లంలో పడే నీడే చూపు. పాత పూత గీకకుండా ప్రతి జయంతికీ బంగారు రంగు వేస్తూపోతే కొన్నేళ్లకు ఆ పల్లం పూడిపోతుంది.