గాలి బాకీ తీర్చదు

రెండు మారుమూల విమానాశ్రయాల పేర్లు కొడితే మధ్య దూరమూ ప్రయాణ సమయమూ ఠక్కున చెప్పే వెబ్‌సైట్లున్నాయి కదా, దూరం సరిగ్గానే ఉంటుంది గానీ టైము ఎందుకు కుదరదని ఒక పాఠకుడు అడిగారు.

దూరం లెక్కలో పెద్ద కిటుకేమీ లేదు. 6,371 కిలోమీటర్ల వ్యాసార్ధమున్న గోళం మీద రెండు చుక్కల మధ్య దగ్గరి దారి కొలవడమే. 60 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద, భూగోళానికి అటొకటి ఇటొకటిగా ఉన్న రెండు ఊళ్లనే తీసుకోండి. అక్షాంశం పట్టుకుని వెళ్తే సుమారు 10,000 కిలోమీటర్లు, ధ్రువం మీదుగా వెళ్తే 6,670. దూరం సంగతి ఇంతే.

తంటా అంతా టైముతోనే. ఈ లెక్కలు చాలావరకు దూరాన్ని పెద్ద జెట్ వేగంతో భాగించి, ఎక్కడానికీ దిగడానికీ ఓ అరగంట తగిలిస్తాయి. స్కాట్లాండ్‌కు ఉత్తరాన ఓర్క్నీ దీవుల్లో వెస్ట్రే నుంచి పాపా వెస్ట్రేకి 2.7 కిలోమీటర్లు, కూతవేటు దూరం. 1967 నుంచీ అక్కడ చిన్న విమానాలు నడుస్తున్నాయి. టైంటేబుల్లో రెండు నిమిషాలు, 53 సెకన్లలో వాలిన రికార్డూ ఉంది. అరగంట సూత్రం అక్కడేమవుతుందో మీరే చూసుకోండి!

ఇక గాలి. పోయేటప్పుడు మింగిన టైమును వచ్చేటప్పుడు తిరిగిచ్చేస్తుందని చదువుకున్నవాళ్లే అంటారు. ఇవ్వదు. 500 కిలోమీటర్ల దూరం, గంటకు 250 కిలోమీటర్లు పోయే చిన్న విమానం. గాలి లేకపోతే రానూపోనూ 240 నిమిషాలు. ఇప్పుడు 50 కిలోమీటర్ల గాలి వెనక నుంచి తోస్తోంది. వేగం 300, వంద నిమిషాల్లో చేరతాం. తిరుగు ప్రయాణంలో అదే గాలి ఎదురు, వేగం 200, 150 నిమిషాలు. మొత్తం 250. కలిసొచ్చింది 20, పోయింది 30. ఎదురుగాలిలో నెమ్మదిగా పోతాం కాబట్టి అందులో ఎక్కువసేపు ఉంటాం మరి. సగటంటే రెండూ కూడి రెండుతో భాగించడమేనని బడిలో నేర్పిన పాపం ఇక్కడ బయటపడుతుంది. గాలి 125 అయితే 80, 240 కలిపి 320 నిమిషాలు. గాలి కూడా 250 అయిందా, వెనక్కి తిరిగిన విమానం ఉన్నచోటే ఉండిపోతుంది.

పోనీ, అదే 50 కిలోమీటర్ల గాలి పక్క నుంచి వీస్తే? ముక్కు కాస్త గాలివైపు తిప్పి పోవాలి. పైథాగరస్‌ను అడిగితే ముందుకు మిగిలే వేగం 245. రానూపోనూ 245 నిమిషాలు. ఎటు వీచినా నష్టమే!

గాలి దారి వెంట వీస్తే 250 నిమిషాలు, అడ్డంగా వీస్తే 245. ఈ తేడానే 1887లో మైకెల్సన్, మోర్లీ అనే అమెరికా శాస్త్రవేత్తలు కాంతిలో వెతికారు. విమానం స్థానంలో కాంతికిరణం, గాలి స్థానంలో ఈథర్, అంటే అంతటా నిండి కాంతిని మోస్తుందని అప్పట్లో నమ్మిన పదార్థం. లెక్క అక్షరాలా ఇదే. అనుకున్న తేడా దొరకలేదు, ఈథర్ కథ అక్కణ్ణుంచే అడుగంటింది.

పైలట్‌కి మాత్రం గాలి నిజం. అదే 500 కిలోమీటర్ల దారిలో, దిగడానికి మధ్యలో ఏ చోటూ లేనప్పుడు, వీలైనంత త్వరగా దిగాల్సి వస్తే ముందుకా, వెనక్కా? సగం దారి 250 కదా అనిపిస్తుంది. కానీ వెనక నుంచి 50 గాలి ఉంటే, ఎటు పోయినా ఒకే టైము పట్టే చోటు 200 దగ్గరే ఉంది. అక్కణ్ణుంచి వెనక్కి 200 కిలోమీటర్లకీ గంటే, ముందుకు 300 కిలోమీటర్లకీ గంటే. 210వ కిలోమీటరులో ఉన్నవాడు బయల్దేరిన చోటికే దగ్గర, అయినా ముందుకే పోతాడు.