ఊడిపోయిన షట్టర్ బటన్: అపోహలు - వాస్తవాలు

కెమెరా కిందపడి షట్టర్ బటన్ ఊడితే చాలామంది ముందు వెళ్లేది రిపేరు కొట్టుకు కాదు, వీధి చివర కిరాణా కొట్టుకు, ఫెవిక్విక్ కోసం. రెండు రోజుల తర్వాత ఆ కెమెరా చెన్నైలోని ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీట్ చేరుతుంది. అప్పటికి చెడింది బటన్ ఒక్కటే కాదు. అందుకే ముందు దీని సంగతే.

అపోహ: ఒక్క చుక్క ఫెవిక్విక్‌తో బటన్ అంటిస్తే సరి.

వాస్తవం: అంటుకోకూడనివన్నీ అంటుకుంటాయి. షట్టర్ బటన్‌ను ఎవరూ అతికించి పెట్టలేదు, అది కదలాల్సిన వస్తువు. పైన కనిపించే టోపీ కింద సన్నటి కాడ ఉంటుంది, దాని చుట్టూ స్ప్రింగు. కాడ టాప్ కవర్ రంధ్రంలోంచి దిగి, లోపల E ఆకారపు ఈ-క్లిప్‌తోనో ప్లాస్టిక్ కొక్కేలతోనో ఆగుతుంది. దాని కింద ఫ్లెక్స్ (వంగే పలచని సర్క్యూట్ పట్టీ) మీద రెండు అంచెల స్విచ్. సగం నొక్కితే ఎస్1, అంటే ఫోకస్, మీటరింగ్ (వెలుతురు కొలత). పూర్తిగా నొక్కితే ఎస్2, ఫొటో పడుతుంది.

కాడకీ రంధ్రానికీ మధ్య సందు వెంట్రుకవాసి. నీళ్లంత పలచని గ్లూ ఆ సందు వెంట పాకి నేరుగా స్విచ్ మీదికి దిగుతుంది. స్విచ్ సగం నొక్కుడులో బిగుసుకుంటే కెమెరా ఫోకస్ వెతుకుతూనే ఉంటుంది, స్లీప్‌లోకి పోదు, బ్యాటరీ నిలవదు. పూర్తి నొక్కుడులో బిగుసుకుంటే ఆన్ చేయగానే దానంతటదే ఫొటో తీస్తుంది. కాంటాక్టుల మధ్య గ్లూ పొర చేరితే ఎంత నొక్కినా ఏమీ కాదు. గ్లూ ఆవిరి వ్యూఫైండర్ అద్దం మీద కూడా తెల్లగా పేరుకుంటుంది. అసిటోన్ పోస్తే కరుగుతుందని ఎవరో చెబుతారు. గ్లూ కరిగే మాట నిజమే, దాంతోపాటు టాప్ కవర్ ప్లాస్టిక్కూ పెయింటూ పోతాయి. దయచేసి ఆ మాట వినకండి. బటనూ క్లిప్పూ వేస్తే తీరే పనికి టాప్ కవర్ అసెంబ్లీ మొత్తం మార్చాల్సి వస్తుంది.

జిగురు అసలే పనికిరాదని కాదు. కాడ విరిగి, అదే మోడల్ బటన్ దొరకనప్పుడు రెండు ట్యూబుల ఎపాక్సీతో కాడను టోపీకి అతికించవచ్చు. బటన్ కెమెరా బయట ఉండగానే అతికించి, 24 గంటలు ఆరనిచ్చి, పొంగినదాన్ని సన్న ఆకురాయితో తీసి, ఆ తర్వాతే బిగించాలి. కాడ అర మిల్లీమీటరు తగ్గినా ఎస్2 అందకపోవచ్చు. అంతే పెరిగితే ఎస్1 ఎప్పుడూ నొక్కుకునే ఉంటుంది. మూత వేసేముందు మల్టీమీటర్‌ను బజర్ మీద పెట్టి స్విచ్ మూడు కాళ్లూ చూడండి. వదిలేసినప్పుడు ఏదీ మోగకూడదు. సగం నొక్కితే ఉమ్మడి కాలైన కామన్‌కీ ఎస్1కీ మధ్య, పూర్తిగా నొక్కితే ఎస్2కి కూడా మోగాలి. దీనికన్నా మంచి దారి, లెన్స్ పోయి మూలపడ్డ అదే మోడల్ స్క్రాప్ కెమెరా. దాని బటనూ స్ప్రింగూ క్లిప్పూ సాధారణంగా బాగానే ఉంటాయి.

అపోహ: ఊడింది బటనేగా, ఆన్ చేసి చూస్తే తప్పేంటి?

వాస్తవం: ముందు బ్యాటరీ తీసి, కెమెరాను చెవి దగ్గర పెట్టి మెల్లగా ఊపండి. గలగలమంటే మళ్లీ బ్యాటరీ వేయవద్దు. ఈ-క్లిప్ లోహపు ముక్క, బోర్డు మీద పడితే షార్ట్ అవుతుంది. చప్పుడు లేకపోతే పడినచోటే టార్చి నేలకు ఆనించి వెతకండి. టోపీ దొరికిందని ఆగిపోకండి, స్ప్రింగూ క్లిప్పూ కూడా కావాలి. కాంపాక్ట్ కెమెరాల్లో బటన్ చుట్టూ ఉండే జూమ్ లీవర్, దాని స్ప్రింగు కూడా వదులై ఉండవచ్చు.

అపోహ: బ్యాటరీ తీస్తే లోపల కరెంటు లేనట్టే.

వాస్తవం: ఫ్లాష్ ఉన్న కెమెరాలో కరెంటు నిల్వ చేసే కెపాసిటర్ సుమారు 300 వోల్టుల దగ్గర ఉంటుంది, బ్యాటరీ తీసిన చాలాసేపటికి కూడా గట్టిగా కొడుతుంది. స్క్రూడ్రైవర్ ఆనించి పేల్చవద్దు, బోర్డు పోవచ్చు. 2 కిలో ఓమ్‌ల, 5 వాట్ల రెసిస్టర్ కాళ్లకు ఇన్సులేషన్ ఉన్న తీగలు కట్టి, కెపాసిటర్ రెండు కాళ్ల మధ్య ఐదు సెకన్లు పట్టుకోండి. తర్వాత మీటర్‌తో చూసి 5 వోల్టుల లోపు ఉంటేనే చెయ్యి పెట్టండి. ఈ మాట చదివి చెయ్యి వణికితే విప్పకండి, అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు.

అపోహ: ఏ స్టార్ స్క్రూడ్రైవరైనా పడుతుంది.

వాస్తవం: జపాన్ కెమెరాల స్క్రూలకు జేఐఎస్ (జపాన్ ప్రమాణపు) బిట్ కావాలి. మామూలు ఫిలిప్స్ జారి తల అరిగిపోతుంది. స్క్రూల పొడవులు వేర్వేరు, కాబట్టి కాగితం మీద కెమెరా బొమ్మ గీసి ఏది ఎక్కడిదో అక్కడే గుచ్చండి.

అపోహ: సేఫ్టీ పిన్‌తో నొక్కుతూ లాగించేయొచ్చు.

వాస్తవం: స్విచ్‌కు చిల్లు పడుతుంది. తప్పదనుకుంటే టూత్‌పిక్ మొద్దు వైపు, అదీ ఒకటి రెండు సార్లు.

అపోహ: వారంటీ ఉంది, ఉచితంగా చేస్తారు.

వాస్తవం: కిందపడ్డ దెబ్బ మామూలు వారంటీలోకి రాదు.

అపోహ: రేపే పెళ్లి, ఇక ఈ బాడీ పనికిరాదు.

వాస్తవం: కంగారు పడకండి. లోపల గలగల లేకపోతేనే ఈ పని చేయండి. కానన్ ఎంట్రీ లెవెల్ బాడీలు చాలావాటికి 2.5 ఎం.ఎం. పిన్ వైర్డ్ రిమోట్ పడుతుంది, అందులోనూ సగం నొక్కుడు, పూర్తి నొక్కుడు ఉంటాయి. టచ్ షట్టర్, వైఫై యాప్, బ్యాటరీ గ్రిప్ మీది బటన్, ఏది ఉంటే అది వాడండి. రిమోట్‌తో ఫొటో పడిందంటే బోర్డూ షట్టరూ బాగున్నట్టే, చెడింది బటన్ దగ్గరే. జీలకర్ర బెల్లం వేళ చేతులు చాలవు, రిమోట్ వైరును ముందురోజే రబ్బరు బ్యాండుతో గ్రిప్‌కు కట్టి, చూపుడువేలికి అందేలా సర్దుకోండి.