పూత కొట్టేస్తే ఇండస్ట్రియల్ లుక్ వచ్చేస్తుందా? అపోహలు - వాస్తవాలు

తిరుపతిలో కాఫీ షాపు పెట్టేవాళ్లయినా, చిత్తూరులో చిన్న ఆఫీసు తెరిచేవాళ్లయినా ఫోన్లో ఒక ఫోటో చూపించి అడిగేది ఒకటే: "ఏ పనీ చేయకుండా వదిలేసిందే కదా, ఖర్చు తక్కువే కదా?" ఎర్ర ఇటుక గోడ, నల్ల పైపులు, ఫాల్స్ సీలింగ్ లేని శ్లాబు, వేలాడే పసుపు బల్బు. దీన్నే ఇండస్ట్రియల్ లుక్ అంటారు. దానికోసం గోడ మీది పూతను, అంటే సిమెంటు ప్లాస్టరింగును, రాలగొట్టిస్తే చాలనుకుంటారు. ఆ ఫోటో చూసి రేపొద్దున బేల్దారి చేత సుత్తి పట్టించబోయేవాళ్లు ఒక్క పూట ఆగి ఇది చదవండి.

అపోహ: పూత కొట్టేస్తే లోపల అందమైన ఇటుక బయటపడుతుంది

డబ్బు ఎక్కువ పోయేది ఇక్కడే. ఈ పద్ధతి పేరు తెచ్చుకుంది న్యూయార్క్ నగరంలోని సోహో అనే పేటలో. మూతబడ్డ ఫ్యాక్టరీల్లో, గోడౌన్లలో కళాకారులు కాపురం పెట్టారు. 1971లో నగరం వాళ్లకు చట్టప్రకారం అనుమతిచ్చింది. ఆ గోడలు భవనం బరువు మోయడానికి మందంగా కట్టినవి. మన దగ్గర కాంక్రీటు పిల్లర్లు లేపి, మధ్యలో నాలుగున్నర అంగుళాల గోడ పెడతాం. ఎలాగూ పూత కింద దాగిపోతుందని సగం ముక్కలు ఇరికిస్తారు, సందుల్లో మాలు (సిమెంటు, ఇసుక కలిపిన ముద్ద) సగమే నింపుతారు. కరెంటు పైపులకు గాడి కొట్టిన చోట్లా సిమెంటు పట్టీలే. పైగా కొత్త ఇళ్లలో చాలావాటికి ఎర్ర ఇటుకే ఉండదు, పూత కొడితే బూడిదరంగు సిమెంటు బ్లాకు పలకరిస్తుంది.

కాబట్టి గోడంతా కొట్టే ముందు సోఫా వెనకో, బీరువా వెనకో అడుగు చదరం మాత్రమే ఉలితో తీయించండి. మెయిన్ ఆఫ్ చేసి, స్విచ్ బోర్డుకు పైనా కిందా ఉన్న నిలువు గీత వదిలేసి కొట్టాలి, పైపులు వెళ్లేది అక్కడే. ఇటుక రంగు ఒకేలా ఉందా? స్క్రూడ్రైవర్‌తో సందు గీకితే ఇసుక జారుతోందా? జారితే సుత్తి దెబ్బలకు ఇటుకలే కదులుతాయి, ఆ ఆలోచన అక్కడితో మానుకోండి.

రెండోది చెమ్మ. రెండడుగుల ప్లాస్టిక్ కవరు గోడకు నాలుగువైపులా టేపుతో అంటించి రెండు రోజులు ఉంచండి. లోపలివైపు నీటి చుక్కలు కనబడితే ఆ గోడ ఇంకా ఆరలేదు. ఇటుకలో, మాలులో ఉన్న ఉప్పు చెమ్మతో కరిగి పైకొస్తుంది, నీరు ఆరాక తెల్లగా పేరుకుంటుంది. మన దగ్గర అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు. ఆ నెలల్లో గోడ తాగిన నీరు తర్వాత ఇలాగే బయటపడుతుంది. దాన్ని నీళ్లతో కడిగితే ఉప్పు కరిగి మళ్లీ లోపలికే పోతుంది, పొడి బ్రష్షుతో రుద్ది దులపాలి. చాలామంది చేసే పెద్ద తప్పు, మెరుపు కోసం వార్నిష్ కొట్టడం. ఉప్పు వెనక నుంచి తోసి ఆ పొరను పొలుసులుగా లేపుతుంది. గోడ పూర్తిగా ఆరాక, నీటిని ఆపుతూనే గాలి ఆడనిచ్చే సైలేన్-సైలాక్సేన్ అనే రకం సీలర్ కొట్టండి.

గోడ పనికిరాదని తేలితే కంగారు పడొద్దు. 15 - 20 మిల్లీమీటర్ల మందం ఉన్న ఇటుక పలకలు దొరుకుతాయి. 9×3 అంగుళాల పలక, 10 మిల్లీమీటర్ల సందు లెక్కన 100 చదరపు అడుగులకు సుమారు 455 పడతాయి. పగిలేవి కలిపి 500 తెప్పించుకోండి. పెయింటు మీద మాత్రం అంటించొద్దు, పెయింటుతో సహా ఊడి వస్తాయి. పెయింటు, పుట్టీ గీకేసి, పూత మీద గాట్లు పెట్టి టైల్ అడ్హెసివ్‌తో అంటించాలి. "పలకలెందుకు, కొత్త ఇటుక గోడే కడదాం" అనేవాళ్లకు ఒక లెక్క: పదడుగుల ఎత్తున నాలుగున్నర అంగుళాల గోడ అడుగు పొడవుకు దాదాపు 200 కిలోలు తూగుతుంది. మేడ మీద కట్టాలంటే కింద బీమ్ ఉందో లేదో ఇంజనీరును అడగాల్సిందే.

అపోహ: ఇనుము ఏదైనా ఒకటే, నల్ల రంగు వేస్తే చాలు

జీఐ పైపు (జింకు పూత ఉన్న ఇనుప పైపు) మీద మామూలు ఎనామిల్ పెయింటు నిలవదు, కొన్ని నెలలకే రేకులు రేకులుగా లేస్తుంది. ముందు ఎచ్ ప్రైమర్, అంటే జింకు మీద రంగు పట్టేలా చేసే తొలి కోటు, పడాలి. జీఐ పైపును వెల్డింగ్ చేయాలంటే అతుకు దగ్గర జింకు పూతను గ్రైండ్ చేయించండి, లేకపోతే జింకు కాలిన పొగ పీల్చిన వెల్డర్‌కు జ్వరం వస్తుంది. షెల్ఫులకు జింకు పూత లేని మామూలు ఎంఎస్ (మైల్డ్ స్టీల్) పైపే మేలు. థిన్నర్‌తో నూనె తుడిచి, ఎమరీ పట్టి, ప్రైమర్ ఒక కోటు, మ్యాట్ బ్లాక్ రెండు కోట్లు వేయండి. తుప్పే అందమంటారా, తెల్ల చొక్కా దానికి తగలనంతవరకే.

అపోహ: ఫాల్స్ సీలింగ్ తీసేస్తే గది పెద్దగా, చల్లగా ఉంటుంది

పెద్దగా కనబడుతుంది, నిజమే. కానీ పై అంతస్తులో మే నెల ఎండ తాగిన శ్లాబు రాత్రిదాకా వేడి కక్కుతూనే ఉంటుంది. ముందు మిద్దె మీద తెల్ల టైల్సో, కూల్ రూఫ్ పెయింటో వేయించాకే కింద సీలింగ్ విప్పండి. ఆఫీసైతే మాట మారుమోగుతుంది, మందపాటి కర్టెన్లకూ కార్పెట్‌కూ డబ్బు పక్కన పెట్టుకోండి.

వైర్లు బయటకే కదా అని ఇనుప కాండ్యూట్ (వైర్లు పోయే పైపు) పెడితే దానికి ఎర్త్ తప్పనిసరి, పైపు చివర వైరు కోసుకోకుండా బుష్ అనే తొడుగు కూడా. నల్ల పీవీసీ పైపు వాడినా ఆరడుగుల దూరం నుంచి ఎవరూ తేడా పట్టలేరు. పసుపు ఫిలమెంట్ బల్బులు కాఫీ టేబుల్ దగ్గర బాగుంటాయి. ఆఫీసు డెస్కు మీద మాత్రం 300 - 500 లక్స్ (వెలుతురు కొలత) ఉండాలి, దానికి వేరే లైటు పెట్టండి.

ఇప్పటికే పూత కొట్టేసి, ముక్కల ఇటుక చూసి తల పట్టుకున్నారా? మళ్లీ పూత ఒక్కటే దారి కాదు. గోడ గట్టిగా ఉంటే సందులను అర అంగుళం లోతు గీకి, తడిపి, ఒక పాలు సిమెంటుకు నాలుగు పాళ్లు జల్లించిన ఇసుక కలిపిన మాలు నింపండి. వారం రోజులు తడపండి, బాగా ఆరనిచ్చి పల్చగా రెండు చేతులు సున్నం వేయండి. సున్నం చెమ్మను బయటకు పోనిస్తుంది. రంగురంగుల ఇటుకలు, సిమెంటు పట్టీలు ఒకే తెలుపులో కలిసిపోతాయి, ఇటుక ఆకారం మాత్రం అలాగే కనబడుతుంది.